'క్షణం' చిత్రమున అభిజ్ఞాన సమస్య

శిశువు కానరానప్పుడు తెలుగున మూడు విధములుగా చెప్పుదురు. తప్పిపోయినాడందురు, ఎత్తుకొనిపోయిరందురు, కనబడుట లేదందురు. మొదటి వాక్యమున కర్త శిశువే. దారి తప్పిన దోషమేదో వానికే అంటినట్లు ధ్వనించును. రెండవదానియందు కర్త పరులు. పేరు తెలియకున్నను నేరగాడున్నాడని క్రియయే చెప్పుచున్నది. మూడవది విచిత్రమైనది. ఎవరికి కనబడుట లేదో, చూడవలసిన వారెవరో ఆ వాక్యమున లేదు. వార్తాపత్రికలలో శిశువు ఛాయాచిత్రముపై శీర్షికగా స్థిరపడినది ఈ మూడవదియే. బాలాన్వేషణము వస్తువుగా గల తెలుగు చలనచిత్రములను ఈ క్రియల వెంట పరిశీలించినచో వాని స్వరూపభేదము కొంత తేటపడునని మా యూహ. ఈ వ్యాసమునకు ప్రధాన విషయము మూడవ తెగకు చెందిన 'క్షణం'. ఇది 2016 ఫిబ్రవరిలో విడుదలయ్యెను.

అపరాధ పరిశోధక కథ యనగానే ముఖము చిట్లించువారు మన శాఖలలో నేటికిని కలరు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధరుని వెంట ఒక తరము పాఠకులు పరుగెత్తిరి. 'సమగ్రాంధ్ర సాహిత్యము' రచించిన ఆరుద్రయే డిటెక్టివ్ నవలలను గూడ వ్రాసెను. అయినను వానిని గూర్చి వ్రాయుటకు జంకుదుము. ఇక చలనచిత్రమన్నచో చెప్పనక్కరలేదు. తెలుగు చిత్రనిర్మాణము హైదరాబాదున వేళ్లూనినది అమీర్‌పేటలోని సారథి స్టూడియోలో. 1959లో 'మా యింటి మహాలక్ష్మి' పూర్తిగా ఈ నగరముననే నిర్మితమైనది. అరువదియేండ్లకు పైగా మన కనుల యెదుట సాగుచున్న ఈ కథనకళను పరిశోధన విద్యార్థి దాటిపోవలసిన పని లేదు.

తప్పిపోయిన శిశువు కథకు ప్రసిద్ధమైన ఉదాహరణము 1972 నాటి 'పాపం పసివాడు'. విమానము కూలి ఎడారిలో చిక్కుకొన్న బాలుడు అందు కథానాయకుడు. అతనిని వెదకువారు ఒక వంక నుండగా, బాలుడు మాత్రము మన కన్నుల నుండి తొలగడు. అతని దప్పిక, భయము, నడక మనము చూచుచునే యుందుము. వాడు జీవించియున్నాడా యను సంశయము వెదకువారిదే కాని ప్రేక్షకునిది కాదు. 2019లో వచ్చిన 'రాక్షసుడు', తమిళమున 2018లో వచ్చిన 'రాట్చసన్' చిత్రమునకు పునర్నిర్మాణము. అది ఎత్తుకొనిపోవుట కథ. అపహృతులైన పాఠశాల బాలికలు ఒకరి వెంట నొకరు శవములై దొరకుదురు. అందు అన్వేషణము శిశువు కొరకు ప్రారంభమై హంతకుని కొరకు మారిపోవును. బాలికలు క్రమముగా సాక్ష్యములగుదురు. ఇందొక అంశమును గుర్తుంచుకొనవలెను: పోలీసు అధికారియైన నాయకుని మేనకోడలు గూడ ఆ హంతకునికి బలియగును. పరుల బిడ్డల కొరకు వెదకువాడు ఒకచోట తన బిడ్డ కొరకు వెదకువాడు కావలసివచ్చినది. ఈ అవసరము ఎక్కడిదో తరువాత విచారింతము.

'క్షణం' ఇతివృత్తము ఇది. అమెరికాలో ఉద్యోగము చేయుచున్న ఋషికి, ఒకనాడు తాను ప్రేమించి దూరమైన శ్వేత నుండి పిలుపు వచ్చును. ఆమె కూతురు రియా అపహరింపబడినది. ఋషి హైదరాబాదునకు వచ్చి వెదక మొదలిడును. విచారించిన కొలది ఒక వింత యెదురగును. శ్వేత భర్త కార్తీక్ తమకు సంతానమే లేదనును. దుండగులు కొట్టిన దెబ్బకు ఆమె మతి చలించి, లేని బిడ్డను ఉన్నట్లు భావించుకొనుచున్నదని చెప్పును. పోలీసులదియు ఆ మాటయే. ఆ శిశువు ఎక్కడ నున్నదను ప్రశ్న, ఆ శిశువు ఉన్నదా యను ప్రశ్నగా మారును. ఈ మార్పే చిత్రమునకు ప్రాణము. దర్శకుడు రవికాంత్ పేరెపు, నాయకపాత్రధారి అడివి శేష్ కలిసి రచించిన చిత్రానువాదమునకు 2016 సంవత్సరపు నంది పురస్కారము వచ్చుట సముచితమే. ఏలనన ఉత్కంఠ ఇందు పరుగులచేత గాక, ఒక స్త్రీ మాటను నమ్మవలెనా వలదా యను ద్వైధీభావముచేత పుట్టినది. ప్రేక్షకుడును ఋషితోపాటు ఊగిసలాడును. ఒక ఘట్టమున ఋషియు సంశయమునకు లొంగును. నమ్మువాడొక్కడును మిగలని శ్వేత ప్రాణత్యాగము చేయును.

ఈ ఘట్టము చూచినప్పుడు తెలుగు చదివినవానికి ఆదిపర్వములోని శకుంతలోపాఖ్యానము తలపునకు రాక మానదు. నన్నయ కథలో ఉంగరము లేదు, దుర్వాసుని శాపము లేదు. అవి కాళిదాసు కల్పనలు. ఇచ్చట దుష్యంతుడు ఎరిగియుండియే ఎరుగనని పలుకును. శకుంతల చేత నున్న ప్రమాణము సత్యవాక్యమొక్కటే. నిండుసభలో ఆమె సత్యమహిమను గూర్చి పలికిన పలుకులు పాఠ్యగ్రంథములలో చేరి మన విద్యార్థులకు కంఠస్థమైనవే. అయినను ఆ వాక్కు రాజును కదల్పలేదు. అశరీరవాణి పలుకవలసివచ్చినది. అనగా, బిడ్డను గూర్చి తల్లి చెప్పిన మాట స్వతఃప్రమాణము కాజాలదనుట మన కథాసంప్రదాయమున నాటి నుండియు నున్నది. భేదమొక్కటి కలదు. శకుంతల పక్కన బాలుడు నిలుచుండెను. అతడెవరి కొడుకను విషయముననే వివాదము. శ్వేత పక్కన ఎవరును లేరు. తండ్రి యెవరను ప్రశ్నకు ముందే, బిడ్డ యున్నదను మాటయే ఆమె నిరూపింపవలసివచ్చినది. పాత కథను ఇంతకంటె కఠినమైన స్థితిలోనికి నెట్టిన తెలుగు చిత్రము మరియొకటి మాకు స్ఫురించుట లేదు.

ఇది కేవలము కల్పనలోని కాఠిన్యము గాదు. బచ్‌పన్ బచావో ఆందోళన్ సంస్థ వేసిన వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము 2013 మే 10వ తేదీన ఒక ఉత్తర్వు నిచ్చినది. శిశువు కనబడుట లేదని ఫిర్యాదు వచ్చినచో ప్రథమ సమాచార నివేదికను నమోదు చేయవలెననియు, అపహరణమో అక్రమ రవాణాయో జరిగినదను ఊహతోనే దర్యాప్తు మొదలిడవలెననియు దాని సారము. అనగా న్యాయము మొదట నమ్మి తరువాత పరీక్షింపుమన్నది. 2016 నాటి చిత్రములోని పోలీసులు మొదట నమ్మక తరువాతను పరీక్షింపరు. ఆ దర్యాప్తును నడపు అధికారిణి జయ చివరకు నేరపక్షమునకు చెందినదే యని తేలుట ఇందుకు కథ కల్పించిన సమాధానము. మా దృష్టిలో అది సులభమైన సమాధానము. నిజాయితీగల అధికారి గూడ శ్వేతను నమ్మకపోవుట ఇంతకంటె భయంకరముగా నుండెడిది.

దీనికి ప్రతిబింబము వంటి ఘటన పంజగుట్టలో జరిగినది. 2021 నవంబరులో, దీపావళినాడు, ద్వారకాపురి కాలనీలో మూసియున్న ఒక దుకాణము ముందు నాలుగైదేండ్ల బాలిక మృతదేహము కనబడెను. ఆమె యెవరో తెలిసినవారు ఆ చుట్టుపట్ల లేరు. పోలీసులు వీధి కెమెరాల దృశ్యముల వెంట వెనుకకు నడచి ఆ శిశువు గుర్తింపును కనుగొనవలసివచ్చినది. చిత్రమున పేరున్నది, శిశువు లేదు. పంజగుట్టలో శిశువున్నది, పేరు లేదు. ఏటేటా జనవరిలో 'ఆపరేషన్ స్మైల్' పేరను, జూలైలో 'ఆపరేషన్ ముస్కాన్' పేరను పోలీసు బృందములు కూడళ్లలోను, పనిచేయు చోట్లను వెదకి పట్టుకొను బాలలలో ఎందరి విషయమున ఎవరైన ఫిర్యాదు చేసియుందురు? రియాకు తల్లియైన ఉన్నది. మన చిత్రకథలు ఇంతవరకును పిలుపు వచ్చిన తరువాతనే ప్రారంభమగుచున్నవి. పిలుచువారే లేని శిశువును వెదకు కథ తెలుగు తెరపై రావలసియున్నది.

ఇక ఉత్తరార్ధము. కార్తీక్ సంతానయోగ్యుడు కాడనియు, రియా ఋషి కూతురే యనియు, ఆ సంగతి తెలిసిన కార్తీకే అపహరణమునకు మూలమనియు బయటపడును. కథాబంధమున ఇది బిగువైన ముడియే. ఇన్నేండ్ల తరువాత శ్వేత మరెవరిని గాక ఋషినే ఏల పిలిచినదను సంశయము దీనితో తీరును. క్షేమేంద్రుడు చెప్పిన ఔచిత్యము ఆ మేరకు చెడలేదని ఒప్పుకొందుము. అయినను మాకు తృప్తి కలుగలేదు. అంతవరకును ఋషి చేసినది ఏ సంబంధమును లేని బిడ్డ కొరకు, తనను విడిచి వేరొకరిని పెండ్లాడిన స్త్రీ మాట కొరకు చేసిన పని. ఆ నిష్కామత్వమే చిత్రమునకు ఔన్నత్యము. రక్తసంబంధము బయటపడిన క్షణమున అది తండ్రి ధర్మమై, లోకమంతయు చేయు పనియైపోవును. 'రాక్షసుడు'లో మేనకోడలు, ఇందు కన్నకూతురు. పరుల బిడ్డ కొరకు ప్రాణములొడ్డువానిని ప్రేక్షకుడు నమ్మడని మన రచయితల భయము కాబోలు. శ్వేతను నమ్మమని ప్రేక్షకుని అంతసేపు అడిగిన చిత్రమే, కడకు ఆ ప్రేక్షకుని నమ్మలేకపోయినది.

అభిజ్ఞానము ఎవరి నోట వచ్చినదనుట గూడ విచారింపదగినది. సంఘటనల వలననే సహజముగా పుట్టు అభిజ్ఞానము ఉత్తమమని అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రమున చెప్పెను. ఇందు ఆ రహస్యము కార్తీక్ మాటగా వెలువడును. అశరీరవాణి స్థానమున అపరాధి వాక్కు నిలిచినది. నన్నయ దుష్యంతుడు ఆకాశవాణి పలికిన పిదప, తాను లోకాపవాదమునకు వెరచి ఎరుగనంటినని శకుంతల యెదుటనే సభలో ఒప్పుకొనెను. ఆమె మాట నెగ్గినట్లు ఆమె వినెను. 'క్షణం'లో నిజము తేలునప్పటికి శ్వేత లేదు. ఆమె మాతృత్వమును నిర్ణయించు సంభాషణము ఇరువురు పురుషుల మధ్య జరుగును.

నటనావిశేషములను గూర్చి విస్తరింపము. ఆదా శర్మ శ్వేత పాత్రలో ఉన్మాదమునకును దుఃఖమునకును నడుమ గల సన్ననిగీతను చెరపలేదు, అది చాలును. శ్రీచరణ్ పాకాల సంగీతము సంశయమునకు తోడ్పడినది. ఈ కథ తమిళమున 'సత్య' (2017), హిందీలో 'బాగీ 2' (2018), కన్నడమున 'ఆద్య' (2020) అను పేర్లతో మరల నిర్మితమైనది. వీనిని తులనాత్మకముగా పరిశీలించు విద్యార్థి హిందీ చిత్రముతో ప్రారంభించుట మేలు. అందు నాయకుడు సైనికుడు. విదేశోద్యోగి నిస్సహాయత పోయి బాహుబలము వచ్చి చేరినది. ఉన్నదా యను ప్రశ్నకు మిగిలిన తావు తక్కువ. అందును తల్లి మాటను నమ్మినవాడు లేడు. అందును ఆమె మరణించును. అందును బాలిక నాయకుని కూతురే.