ప్రొఫార్మాలో లేని చుట్ట

కొత్త పీజీలు చేరిన కొద్ది నెలలకే మా కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలో థీసిస్ హడావిడి మొదలవుతుంది. గైడ్ గది ముందు నిలబడి "సార్, టాపిక్ ఇవ్వండి" అంటారు, రేషన్ షాపులో సరుకు అడిగినట్టు. ఇచ్చేవాళ్లూ అలాగే ఇస్తారు. పాత సీనియర్ చేసిందే, ఊరి పేరు మార్చి.

శిక్షణే లేదనడానికి వీల్లేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి చెన్నై ఎపిడెమియాలజీ సంస్థ ఆన్‌లైన్‌లో నడిపే బయోమెడికల్ రీసెర్చ్ బేసిక్ కోర్సు 2019 నుంచి పీజీలకు తప్పనిసరి. ప్రమోషన్ కావాలనుకునే అధ్యాపకులకూ అదే మాట. శాంపిల్ సైజు ఎలా కట్టాలో, పక్షపాతం ఎక్కడ దూరుతుందో అందులో చక్కగా చెబుతారు. ఎంబీబీఎస్ పిల్లలకు ఐసీఎంఆర్‌దే ఎస్‌టీఎస్ (షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్) 1979 నుంచి ఉంది. ప్రపోజల్ ఎంపికైతే గైడ్ దగ్గర రెండు నెలలు పని చేసి రిపోర్టు పంపాలి. అది నెగ్గితేనే స్టైపెండూ సర్టిఫికెట్టూ. నన్నడిగితే ఈ రెండు నెలలకే ఎక్కువ మార్కులు వేస్తాను. ఎండలో ఇల్లిల్లూ తిరగడం ఏ వీడియో పాఠంలోనూ రాదు.

ఆమధ్య శ్రీకాకుళం తీరంలో ఒక పల్లెకు మా పీజీతో థీసిస్ సర్వేకి వెళ్లాను. అతని ప్రొఫార్మాలో పొగ అలవాటు దగ్గర రెండే గళ్లు: సిగరెట్, బీడీ. అరుగు మీద కూర్చున్న మామ్మని అడిగాడు.

"నాకేటి సిగరెట్లు బాబూ!"

'లేదు' దగ్గర టిక్కు పడిపోయింది. పక్కనున్న ఆశా కార్యకర్త ఊరుకోలేదు. "చుట్ట సంగతి అడగండి సార్. అడ్డపొగ."

నిప్పున్న కొసని నోట్లోకి పెట్టుకుని పీల్చడమే అడ్డపొగ. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లకు తరాలుగా ఉన్న అలవాటు. మామ్మ మొహమాటపడుతూనే నోరు తెరిచింది. టార్చి వేస్తే అంగిలంతా తెల్లగా పాలిపోయి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. అంగిలి క్యాన్సర్‌కీ ఈ అలవాటుకీ ఉన్న లంకె గురించి ఖానోల్కర్, సూర్యాబాయి 1945లోనే రాశారు. దేశంలో యాభై వేల మందికి పైగా పల్లెవాసుల నోళ్లు పరీక్షించి 1969లో ప్రచురించిన సర్వేలో శ్రీకాకుళం జిల్లా కూడా ఉంది. అయినా మా ప్రొఫార్మాలో చుట్టకు చోటు లేదు. ఎక్కడో ఉత్తరాది థీసిస్‌లోంచి దిగిన కాగితం మరి!

అందుకే మొదటి పది ప్రొఫార్మాలైనా గైడ్ పక్కనుండి నింపించాలంటాను. గైడ్లకు తీరిక ఏదీ? ఓపీ, క్లాసులు, తనిఖీలు, ఇప్పుడు మొహం చూపించి వేసే హాజరు. పైగా ప్రమోషన్‌కి పేపర్లు లెక్కపెడతారు తప్ప, శిష్యుడితో ఎన్ని ఊళ్లు తిరిగావని ఎవరూ అడగరు. డబ్బు కడితే వారంలో అచ్చేసే జర్నళ్లు బతుకుతున్నది ఆ లెక్క మీదే.

ఆ సాయంత్రమే మావాడు చుట్టకు గడి కలిపాడు: మామూలుగానా, అడ్డపొగా, ఎన్నేళ్లుగా? మార్పు కాబట్టి ఎథిక్స్ కమిటీకి మళ్లీ పంపాలి, చేసిన ఇళ్లకు మళ్లీ వెళ్లాలి. కాస్త గొణుక్కున్నాడు. తిరుగు దారిలో మాత్రం ఒకటడిగాడు: "సార్, నా బదులు ఆడపిల్ల అడిగితే మామ్మ ముందే చెప్పేదా?"

దాని మీదే ఇప్పుడు సెకండియర్ అమ్మాయి ఒకతె ఎస్‌టీఎస్ ప్రపోజల్ రాస్తోంది.