బీగము, చెవి, కొలెస్టరాల్

ఎంజైములను గూర్చి పాఠము చెప్పునపుడు ఉపాధ్యాయులు సాధారణముగా తాళము, తాళపుచెవి ఉపమానమును వాడుదురు. అనంతపురమువారు దానినే బీగమందురు. ఒక బీగమునకు ఒకే చెవి. అట్లే ఒక ఎంజైమునకు ఒకే పదార్థము అని విద్యార్థి గ్రహించును. ఎమిల్ ఫిషర్ 1894లో ఇచ్చిన ఈ ఉపమానము గొప్పదే. కాని దానిని ఇంత బిగించి చెప్పుట సరికాదు. కొలెస్టరాల్ ఆక్సిడేజ్ అను ఎంజైము ఇందుకు సాక్ష్యము.

అనంతపురము మెట్టపై తొలకరి జల్లు పడగానే ఎర్రనేల కమ్మగా వాసన వేయును. ఆ వాసననిచ్చు జియోస్మిన్ అను పదార్థమును తయారుచేయునవి ముఖ్యముగా స్ట్రెప్టోమైసిస్ అను నేల బాక్టీరియాలు. వీనిలో కొన్నియు, రోడోకోకస్ వంటి మరికొన్ని నేల బాక్టీరియాలును కొలెస్టరాల్ ఆక్సిడేజును కూడ తయారుచేయును. ఈ ఎంజైముతో రక్తములోని కొలెస్టరాల్‌ను కొలువవచ్చునని రిచ్‌మండ్ 1973లో చూపెను. 1974లో అలేన్ బృందము ప్రచురించిన పద్ధతి నేటి పరీక్షలకు మూలము. అంతకు ముందు గాఢ గంధకికామ్లముతో ఆకుపచ్చ రంగు తెప్పించి కొలుచుట వాడుకలో నుండెను.

పరీక్ష ఇట్లు జరుగును. రక్తములోని కొలెస్టరాల్‌లో అధికభాగము కొవ్వు ఆమ్లములతో కూడియుండును. మొదట ఎస్టరేజ్ అను ఎంజైము దానిని విడదీయును. తరువాత ఆక్సిడేజ్, గాలిలోని ఆమ్లజని సాయమున, కొలెస్టరాల్‌ను ఆక్సీకరించి హైడ్రొజన్ పెరాక్సైడును పుట్టించును. మూడవదియగు పెరాక్సిడేజ్ ఆ పెరాక్సైడుతో ఎర్రని రంగును కలిగించును. ఆ రంగు చిక్కదనమునే యంత్రము కొలుచును. అనగా యంత్రము చూచునది కొలెస్టరాల్‌ను కాదు, రంగును. అందుచేతనే రక్తములో సి విటమిను మిక్కుటముగా నున్నచో, అది పెరాక్సైడును హరించి అంకెను తగ్గించును.

ఇప్పుడు ఆ మెట్టపైనే పండు వేరుశనగను చూడుడు. దాని నూనెలో కొలెస్టరాల్ లేదనియే చెప్పవచ్చును. అందున్న ముఖ్యమైన స్టెరాల్ బీటా-సిటోస్టెరాల్. కొలెస్టరాల్‌లో 27 కర్బన పరమాణువులు, దీనిలో 29. ఆ రెండును తోకలో చేరినవి. ఎంజైము పనిచేయునది తలవైపున. కావున ఆక్సిడేజ్ దీనిని కూడ ఆక్సీకరించును. కొలెస్టరాల్ లేని నూనెలోను ఈ పరీక్షకు రంగు పుట్టవచ్చును!

ఆరోగ్యవంతుల రక్తములో మొక్కల స్టెరాళ్ళు అత్యల్పము; వారి పరీక్షకు చిక్కు లేదు. కాని 1974లోనే భట్టాచార్య, కానర్ అనువారు సిటోస్టెరాలేమియా అను అరుదైన వంశపారంపర్య వ్యాధిని వర్ణించిరి. ఆ రోగుల రక్తములో మొక్కల స్టెరాళ్ళు పేరుకొనును. ఈ పరీక్ష వానిని కొలెస్టరాల్‌గనే లెక్కించును. వైద్యుడు ఆ అంకెనే నమ్మినచో అసలు వ్యాధి మరుగున పడును. వేర్వేరు స్టెరాళ్ళను విడదీసి చూపుటకు గ్యాస్ క్రొమటోగ్రఫీ వంటి పద్ధతి కావలసియుండును.

కావున ఉపమానమును విడువనక్కరలేదు, సవరించిన చాలును. ఈ బీగము చెవి మొనను చూచును. పిడి పొడవును అంతగా పట్టించుకొనదు. ఎంజైము పేరు చెప్పి ఊరకొనక, అది అణువులో ఏ భాగమును పట్టుకొనునో, యంత్రము చివరకు దేనిని కొలుచునో విద్యార్థిచేత అడిగించవలెను. పరీక్షాఫలము కాగితముపై అంకెను చదువుటకు అదియే మొదటి మెట్టు.