‘మనం’ అనే మాటలో మేము ఎక్కడ?

ఎండాకాలం వస్తోందంటే చాలు, మన్యం గురించి వ్యాసాలు మొదలవుతాయి. అరకు, బొర్రా, అనంతగిరి, చాపరాయి, లంబసింగి. ఎలా వెళ్లాలి, ఎక్కడ దిగాలి, ఏం చూడాలి, ఏం తినాలి. పత్రికల్లో వచ్చేవి ఇప్పుడు ఫోన్లలో వీడియోలుగానూ వస్తున్నాయి. మా బడిపిల్లలు వాటిని చూస్తున్నారు. తమ కొండల గురించి తెలుగులో వాళ్లకు ఎక్కువగా దొరికేది ఇదే. అందుకే కథను, కవితను పరిశీలించినట్టే ఈ యాత్రా రచనలనూ పరిశీలించాలని మేము అనుకుంటున్నాము.

ముందు ఒక చిన్న మాట చూద్దాం. తెలుగులో ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. వినేవాళ్లను కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. కువి వంటి మా భాషల్లోనూ ఈ తేడా ఉంది. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట. ఇంత మంచి తేడా ఉన్న భాషలో రాస్తూ కూడా, యాత్రా రచయిత ‘మనం’ అన్నప్పుడు ఎవరిని కలుపుకుంటున్నాడో ఆలోచించడు. ఘాట్ రోడ్డు ఎక్కగానే మనకు చల్లగాలి తగులుతుందంటాడు. లోయలు, జలపాతాలు, గిరిజనులు మనకు కనిపిస్తారంటాడు. పాడేరు పక్క ఊళ్లో ఏడో తరగతి చదివే పిల్ల ఈ వాక్యం చదివితే ఏమవుతుంది? ఆ ‘మన’లో తాను ఉందా? ఉంటే, దారి పక్కన కనిపించేది ఎవరు? చదివేవాళ్లలో ఆ పిల్ల కూడా ఉంటుందని రచయితకు తోచలేదు. మా మొదటి విమర్శ ఇదే.

రెండోది పోలికల సంగతి. అరకు ‘ఆంధ్రా ఊటీ’ అట, లంబసింగి ‘ఆంధ్రా కాశ్మీర్’ అట. పోల్చడం తప్పు కాదు. కానీ ఒక చోటును దాని సొంత పేరుతో చూడలేనప్పుడే ఇంకో చోటు పేరు అప్పు తెచ్చుకుంటాము. ఊటీ కూడా ఖాళీ కొండ కాదు. అక్కడ తోడలు, కోతలు ఉన్నారు. ఆ కొండను చూసినప్పుడూ మనుషులు కనబడలేదు, ఈ కొండను చూసినప్పుడూ కనబడలేదు. 

మూడోది క్రియాపదాల సంగతి. బొర్రా గుహలను 1807లో విలియం కింగ్ అనే ఆయన ‘కనుగొన్నాడు’ అని దాదాపు ప్రతి వ్యాసంలో ఉంటుంది. ఆవు గుహలో పడిపోతే వెతుక్కుంటూ వెళ్లిన కాపరి సంగతి మాత్రం ‘స్థానికులు చెప్పుకునే కథ’ అవుతుంది. ఒకరిది చరిత్ర, ఒకరిది కథ! అదే బొర్రా, అనంతగిరి ప్రాంతంలో గనుల లీజుల మీద సాగిన వ్యాజ్యంలోనే 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వరాదని చెప్పింది. దేశంలోని ఆదివాసులందరికీ ముఖ్యమైన మాట పుట్టిన చోటు అది. సున్నపురాతి ఆకారాలకు పేజీ ఇచ్చే వ్యాసం ఈ సంగతికి ఒక్క వాక్యం ఇవ్వదు.

అరకు రైలు విషయమూ అంతే. ఎన్ని సొరంగాలు దాటుతామో అందరూ లెక్క చెబుతారు. ఆ దారి ఎందుకు వేశారో చెప్పరు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి, అక్కడినుంచి జపానుకు పంపడానికి 1960లలో ఆ లైను వేశారు. కిటికీలోంచి లోయను చూసేవాళ్లకు పక్క పట్టాల మీద పోయే ఖనిజం బండి కూడా కనిపిస్తుంది. రాయడానికి అది ‘అందం’ కాదు కాబట్టి వదిలేస్తారు.

ఇక కాలం సంగతి. వచ్చేవాళ్లకు చైత్రం, వైశాఖం సెలవుల కాలం. మాకవి పని, పండుగ కలిసిన నెలలు. తెల్లవారకముందే ఇప్పచెట్ల కిందికి పోయి రాలిన పూలు ఏరుకోవాలి. చింతపండు కొట్టి సంతకు మోయాలి. అడ్డాకులు కోసి కుట్టాలి. చినుకులు పడితే కాఫీ తోటలు తెల్లగా పూస్తాయి. గెడ్డల్లో నీరు తగ్గితే ఆడవాళ్లు ఇంకాస్త దూరం నడుస్తారు. ఎండలో కడుపు చల్లబరిచేది చోడి అంబలి. వ్యాసాల్లో మాత్రం మా తిండి అంటే బొంగులో చికెన్ ఒక్కటే.

ఇటుకల పండుగను చూడండి. దిసారి మంచిరోజు చెబుతాడు. విత్తనాలు దేవత దగ్గర పెట్టి పూజిస్తాము. మగవాళ్లు వేటకు పోతారు. ఆడవాళ్లు, పిల్లలు దారికి అడ్డంగా కర్ర పెట్టి, వచ్చేపోయేవాళ్లను ఆపి కానుక అడుగుతారు. కారులో వచ్చిన ఆయన దీన్ని వసూలు అంటాడు, లేదా ‘వింత ఆచారం’ అంటాడు. మా ఊరి మీదుగా, మా పండుగ పూట పోతున్నవాడు మా పండుగలో ఒక చేయి వేయాలన్నది మా వైపు అర్థం. ఇది అర్థం కావాలంటే ఒక్కసారి దిగి అడిగితే చాలు. వ్యాసం రాసినాయన దిగడు, అడగడు.

మంచి యాత్రా రచన తెలుగుకు కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో, నడివేసవిలో, మద్రాసు నుంచి కాశీకి బయలుదేరారు. మజిలీ మజిలీకి దూరం ఎంత, నీళ్లున్నాయా, ఏ సరుకులు దొరుకుతాయి అని రాసుకుంటూ పోయారు. ఆయనకు ఆ కాలపు చూపు, తన కులపు చూపు ఉన్నాయి. వాటితో మాకు పేచీ ఉంది. అయినా ఆ పుస్తకంలో దారి నిజమైన దారి. పల్లకీ మోసిన బోయీల సంగతి కూడా అందులో ఉంది. ఇప్పటి వ్యాసాల్లో టెంటు వేసినవాడు, వంట చేసినవాడు, దారి చూపినవాడు ఎవరికీ పేరుండదు.

వ్యాసమే కదా, ఇంత పట్టింపు ఎందుకని కొందరు అడుగుతారు. ‘మనిషి అడుగు పడని ప్రకృతి’ అని పదేపదే రాస్తే, చదివినవాడు అది ఎవరిదీ కాదని నమ్ముతాడు. ఎవరిదీ కానిచోట రిసార్టు కట్టుకుంటే తప్పేమిటని తర్వాత అనుకుంటాడు. 1/70 చట్టం ఉన్నా బినామీ పేర్లతో భూములు చేతులు మారుతున్నాయని మనందరికీ తెలుసు. భూమి పోవడానికి వ్యాసమే కారణమని మేము అనము. ఖాళీ అని రాసిన చోటే ముందు కన్ను పడుతుందని మాత్రం అంటాము.

ఎవరూ రావద్దని మా మాట కాదు. మా కుర్రాళ్లు కొందరు ఆటో నడిపి, టెంట్లు వేసి, కాఫీ అమ్మి బతుకుతున్నారు. మా బాధ వేరే. ఆ కుర్రాళ్లే ఫోను పట్టుకుని, సొంత గెడ్డ పక్కన నిలబడి, ‘మనం ఇప్పుడు ఆంధ్రా ఊటీలో ఉన్నాం’ అంటున్నారు. అరువు మాటతో సొంత ఊరిని పరిచయం చేస్తున్నారు. 

టీచర్లకు ఒక సూచన. ఈ వేసవి సెలవుల తర్వాత పిల్లలతో ఒక యాత్ర రాయించండి. అమ్మమ్మ ఊరికి నడిచిన దారి కావచ్చు, మే నెలలో పాడేరు మోదకొండమ్మ జాతరకు పోయిన ప్రయాణం కావచ్చు, సంతకు పోయిరావడం కావచ్చు. నాలుగు ప్రశ్నలకు జవాబు ఉండాలని చెప్పండి. దాటిన కొండకు, గెడ్డకు మీ భాషలో పేరేమిటి? ఎవరితో నడిచారు, ఏం మోశారు? దారిలో తిండి, నీళ్లు ఎవరిచ్చారు? ఆ నేల ఎవరిది?

బయటివాళ్ల వ్యాసాలనూ ఈ నాలుగు ప్రశ్నలతోనే పరీక్షించండి. జవాబున్న వ్యాసాన్ని తరగతిలో చదివించండి. జవాబు లేనిదాన్ని కూడా చదివించి, ఏ వాక్యంలో మనుషులు మాయమయ్యారో పిల్లల చేతే గీత గీయించండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు వీడియో తీసేటప్పుడు ‘మనం’ అనే ముందు ఒక్క క్షణం ఆగండి. ఆ మాటలో మీ అవ్వ కూడా ఉండేలా చూసుకోండి.