సగము క్రిస్మసు



డిసెంబరు నెల వచ్చినదనగానే మన పల్లెలలో గుడికి సున్నము కొట్టుదురు. వెదురుబద్దలతో నక్షత్రము కట్టి, రంగు కాగితము అంటించి, లోపల దీపముంచి ఎత్తైన గడకు వ్రేలాడదీయుదురు. యౌవనస్థులు డోలకును తాళములును తీసికొని ఇల్లిల్లు తిరిగి పాడుదురు. ఇవన్నియు మంచివే. నేను పరీక్షింపగోరునది వేరొకటి గలదు. దానికి మనవారు ‘సెమీ క్రిస్మస్’ అని పేరు పెట్టిరి. నెల మొదటి వారమునుండియే ఒక సంఘము తరువాత ఒక సంఘము, ఒక బడి తరువాత ఒక బడి కేకు కోసి, రక్షకుడు పుట్టెనని పాడి, భోజనములు పెట్టి పండుగ ముగించుచున్నారు. 25వ తేదీ వచ్చునప్పటికి పాటలు పాతబడును, గొంతులు బొంగురుపోవును. సగము క్రిస్మసు అనగా ఏమిటో నాకు నేటివరకు బోధపడలేదు. బిడ్డ సగము పుట్టునా?

పేరు సంగతి అటుంచుదము. నన్ను ఈ వ్యాసమునకు పురికొల్పినది నేను కన్నులార చూచిన ఒక సంగతి. ఒక గ్రామములో అట్టి కూటమునకు పోయియుంటిని. వేదికమీద మాటలాడుచున్నవారు, ఈ రాత్రి ఎవని ముఖమున సంతోషము లేదో వాని హృదయములో క్రీస్తు లేడని గట్టిగా చెప్పిరి. జనులు చప్పట్లు కొట్టిరి. వెనుక చాపమీద ఒక తల్లి కూర్చుండియుండెను. ఆ యేడే చేతికందిన కుమారుని పాతిపెట్టిన మనిషి. ఆమె చెరగు నోటికి అడ్డము పెట్టుకొని లేచి, చీకటిలో ఒంటరిగా ఇంటికి వెళ్లిపోయెను. భోజనమునకు ఆగలేదు. ఆమెను ఎవరును పిలువలేదు, నేనును పిలువలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తల్లికి క్రిస్మసులో చోటు లేదా అని అనుకొంటిని. చోటున్నది. అయితే ఆ చోటు క్రిస్మసునకు ముందు గదిలో ఉన్నది; ఆ గదిని మనము మూసివేసితిమి. దాని పేరు ఆగమన కాలము, అనగా క్రిస్మసునకు ముందు వచ్చు నాలుగు ఆదివారములు. అన్ని సంఘములవారును దీనిని పాటింపరని ఎరుగుదును. పాటింపని సంఘములలోను నాకంటె భక్తిపరులు గలరు. 1841లో బందరునకు వచ్చిన ఆంగ్లేయ మిషనరీల సంఘమును, 1842లో గుంటూరు చేరిన హయ్యరుగారి లూథరను సంఘమును దీనిని ఆచరించునట్టివి. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘమును దీనిని విడువలేదు. నేడు ఆంగ్లేయ సంఘపు పాత ప్రార్థన పుస్తకములో ఈ నాలుగు ఆదివారములకు ఏర్పరచిన పాఠముల పట్టికను, ఒక గ్రంథమును విమర్శించినట్లు మీతోకూడ చదువగోరుచున్నాను. మీ బైబిలు దగ్గర పెట్టుకొనుడి.

మొదటి ఆదివారపు సువార్త ప్రభువు గాడిదనెక్కి యెరూషలేము ప్రవేశించుట. అది మట్టలాదివారపు పాఠము గదా అని మీరనవచ్చును. వచ్చువాడు ఎట్టి రాజో ముందు తెలిసికొనుటకై ఇక్కడ పెట్టిరని నా ఊహ. ఇంతకంటె దీనినిగూర్చి చెప్పవలసినది లేదు.

రెండవ ఆదివారము రోమీయులకు వ్రాసిన పత్రిక 15వ అధ్యాయము. అందులో పౌలు నిరీక్షణను లేఖనములతోను ఓర్పుతోను ముడివేసి, చివరకు దేవుడు మిమ్మును సంతోషముతో నింపునుగాక అని ప్రార్థించుచున్నాడు. ఇది ఎంత ఇంపైన పాఠము! అయితే దానిప్రక్కనే పెట్టిన సువార్త చూడుడి: లూకా 21వ అధ్యాయము. సూర్యచంద్రులలో సూచనలు, సముద్రఘోష, భయముచేత మనుష్యులు ధైర్యము చెడుట. పత్రికలో సంతోషము, సువార్తలో భయము. పట్టిక కూర్చినవారు పొరబడిరా? లేదు. ఆ భయముమధ్యనే ప్రభువు తన శిష్యులను తలలెత్తుకొనుడని చెప్పి, వెంటనే చెట్లను చూపుచున్నాడు. అంజూరపుచెట్టు చిగిర్చినప్పుడు వేసవి దగ్గరపడినదని తెలియును గదా అనుచున్నాడు. సేద్యము చేయు మీకు దీని భావము నేను చెప్పనేల? వరి పొట్టకు వచ్చిననాడు రైతు గట్టుమీద నిలిచి చూచి సంతోషించును. ఆనాటికి గాదెలో గింజ లేదు. షావుకారు బాకీ తీరలేదు. తుపాను భయము పోలేదు. అయినను ఆ సంతోషము అబద్ధము కాదు. అది కుప్ప నూర్చిననాటి సంతోషమును కాదు. రెండును వేరు. పొట్టదశలోనున్న చేను కోసి ఇంటికి తెచ్చుకొన్నవానికి మిగులునది పశువుల మేతయే.

ఇక మూడవ ఆదివారము. ఈ పట్టిక అంతటిలోను నాకు మిక్కిలి విలువైనది ఇదే: మత్తయి 11వ అధ్యాయము. బాప్తిస్మమిచ్చు యోహాను చెరసాలలో ఉన్నాడు. అరణ్యములో సింహమువలె గర్జించిన ఆ మనుష్యుడు ఇప్పుడు శిష్యులచేత ఒక ప్రశ్న పంపుచున్నాడు: రావలసినవాడవు నీవేనా, మరియొకనికొరకు కనిపెట్టవలెనా? పండుగ పదిదినములలోనికి వచ్చినప్పుడు గుడిలో చదువుటకు ఇట్టి సందేహపు మాటను ఎవరైన ఏర్పరచుదురా? మనమైతే ఏర్పరచము. వారు ఏర్పరచిరి.

ప్రభువు పంపిన జవాబును మరింత నిదానముగా చదువుడి. గ్రుడ్డివారు, కుంటివారు, కుష్ఠరోగులు, చెవిటివారు, చనిపోయినవారు, బీదలు, వీరందరి సంగతి అందులో ఉన్నది. ఈ మాటలు యెషయా గ్రంథములోనివని యోహానుకు తెలియును. యెషయా 61వ అధ్యాయములో మరియొక మాటకూడ ఉన్నది: చెరలోనున్నవారికి విడుదల. ప్రభువు పంపిన కబురులో ఆ ఒక్క మాట లేదు! చెరలోనున్న మనుష్యునికి పంపిన కబురులో చెర విడుదల మాట లేదు. నేను అనేక సంవత్సరములు ఈ పాఠము చదివియు దీనిని గమనింపలేదు. గమనించిననాడు పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిని. ఎందుకనగా 14వ అధ్యాయములో యోహానుకు ఏమి జరిగెనో మీరెరుగుదురు. ప్రభువు అతనికి లేనిపోని ఆశ చూపలేదు. నిన్ను రేపు విడిపింతుననలేదు. నీ ముఖమున సంతోషమేదని గద్దింపనులేదు. రాజ్యము వచ్చుచున్నది, నీవు వ్యర్థముగా పనిచేయలేదు అను కబురుమాత్రము పంపి, ఆ దూతలు పోవుచుండగా జనులయెదుట అతనిని మెచ్చుకొనెను.

నాలుగవ ఆదివారపు పత్రిక ఫిలిప్పీయులకు వ్రాసినది, 4వ అధ్యాయము; ప్రభువునందు ఎల్లవేళల ఆనందింపుడను ఆజ్ఞ. రోమను సంఘమువారు దీనినే మూడవ ఆదివారమున చదివెడివారు. దానినిబట్టియే ఆ దినమున ఊదారంగు వస్త్రములకు మారుగా గులాబిరంగు వాడు ఆచారము కలిగినది. ఆ ఆజ్ఞ వ్రాసినవాడు సంకెళ్లలో ఉన్నాడని అదే పత్రిక మొదటి అధ్యాయములో చూడగలరు. ఒక చెరసాలనుండి ప్రశ్న, వేరొక చెరసాలనుండి ఆనందము: వరుసగా రెండు ఆదివారములు. ఈ కూర్పును నేను మెచ్చుకొనక ఉండలేను.

అయితే ఈ పట్టికలో లోపము లేకపోలేదు. నాలుగు సువార్త పాఠములలో మరియమ్మ కనబడదు. ఆమె కీర్తన సాయంకాల ప్రార్థనలో ఉన్నదందురు. కోతలకు పోయి అలసివచ్చిన కూలివారు సాయంకాల ప్రార్థనకు ఎందరు రాగలరు? బిడ్డ ఇంకను పుట్టకమునుపే, హేరోదు ఇంకను సింహాసనముమీద ఉండగానే, ఆకలిగొన్నవారిని దేవుడు తృప్తిపరచెనని జరిగిపోయిన సంగతివలె పాడిన ఆ పల్లెపడుచును ఉదయారాధనలో వినిపింపకపోవుట గొప్ప నష్టము. 1969లో రోమను సంఘమును, 1992లో పెక్కు ప్రొటెస్టెంటు సంఘములును తెచ్చిన మూడేండ్ల పట్టికలు నాలుగవ ఆదివారమున మరియ యోసేపుల కథలను చేర్చి దీనిని సవరించినవి. మంచిపని.

కొవ్వొత్తుల సంగతి ఒకటి చెప్పవలెను. హాంబర్గు పట్టణములో దిక్కులేని పిల్లల గృహము నడిపిన విహెర్నుగారు, పండుగ ఎప్పుడని పిల్లలు మాటిమాటికి అడుగుచుండగా, 1839లో ఒక కొయ్య చక్రముమీద వారదినములకు 20 చిన్న ఎర్ర కొవ్వొత్తులను, ఆదివారములకు 4 పెద్ద తెల్లవాటిని నిలిపి, దినమునకొకటి వెలిగించిరని చెప్పుదురు. ఆయన పిల్లలకు పండుగను ముందుగా పెట్టలేదు. ఎదురుచూచుటకు ఒక లెక్క ఇచ్చెను. ఇప్పుడు నాలుగే కొవ్వొత్తులుంచి నిరీక్షణ, సమాధానము, సంతోషము, ప్రేమ అని పేర్లు పెట్టుచున్నారు. పాత పుస్తకములో ఈ పేర్లు లేవు. పిల్లలకు నేర్పుటకు బాగుగనే ఉండును. కాని మూడవ ఆదివారము పది గంటలకు సంతోషము వచ్చునని ముహూర్తము పెట్టుట నాకు అంతగా రుచింపదు.

ఆ తల్లి సంగతి మరువలేదు. ఆమె వెళ్లిపోయిన వారమునకు, మూడవ ఆదివారపు సాయంకాలమున, ఆ ఊరి ఉపదేశిగారితో నేను ఆమె ఇంటికి పోతిని. ఆయన ఓదార్పు మాటలేవియు చెప్పక, ఆ దినపు సువార్త చదివి పుస్తకము మూసిరి. ఆమె కొంతసేపు దీపమువైపు చూచి, “అయ్యగారూ, యోహానును విడిపించారా?” అని అడిగెను.

“లేదమ్మా” అనిరి ఆయన.

“అయినా కబురు పంపాడన్నమాట.”

“పంపాడమ్మా.”

ఆమె చాప కొంచెము దగ్గరకు జరుపుకొని, ఇంకొకసారి చదువుమని అడిగెను. ఆయన మరల మొదటినుండి చదివిరి.