ఇల్లు దాటలేని కథానాయిక: ‘అంతులేని కథ’ ముగింపు

టీవీ సీరియల్ నాయికల గురించి గత భాగంలో చదివారు. సంపాదించే కూతురు, ఆమె జీతం మీద ఆధారపడిన ఇల్లు, ఆ ఇంటి నుంచి బయటపడాలనే ఆమె ఆరాటం. ఈ పాత్రకు తెలుగులో మూలరూపం చూడాలంటే 1976కు వెళ్లాలి. కె. బాలచందర్ ‘అంతులేని కథ’ ఆ ఏడాది వచ్చింది. 1974లో తమిళంలో తానే తీసిన ‘అవళ్ ఒరు తొడర్ కదై’నే ఆయన తెలుగులో మళ్లీ తీశాడు. ‘తొడర్ కదై’ అంటే ధారావాహిక. అంటే ఆమె జీవితమే ఒక సీరియల్. టీవీ మన ఇళ్లకు రాకముందే పెట్టిన పేరు ఇది!

సరిత (జయప్రద) ఉద్యోగం చేస్తుంది. తండ్రి ఇల్లు వదిలి సన్యాసుల్లో కలిశాడు. అన్న మూర్తి (రజనీకాంత్) తాగుబోతు, అతనికి భార్యాపిల్లలు. భర్త పోయిన చెల్లెలు, పెళ్లికాని మరో చెల్లెలు, చూపులేని తమ్ముడు, తల్లి. అందరికీ ఒకటే జీతం. ఇక్కడ బాలచందర్ చేసిన మంచి పని ఏమిటంటే, సరితను దేవతను చేయలేదు. ఆమె నోరు కటువు. అన్నం పెట్టే చేత్తోనే లెక్క అడుగుతుంది. ఇంట్లోవాళ్లకు ఆమె అంటే భయం. ఆ కటువుతనాన్ని గుణదోషంగా చూడకండి. ఇల్లు వదలలేని మనిషి ఇంట్లోనే ఉండి తన చుట్టూ గీసుకున్న గీత అది. ఇందులో పాటలు రాసిన ఆత్రేయ అప్పటి మన నెల్లూరు జిల్లా మంగళంపాడువాడే.

ఇక ముగింపుకు వద్దాం. చివరికి అన్న మారతాడు, ఇంటి బాధ్యత తీసుకుంటానంటాడు. సరిత పెళ్లికి ఒప్పుకుంటుంది. సరిగ్గా అప్పుడే అన్న హత్యకు గురవుతాడు. ఆమె వరుణ్ణి చెల్లెలికి వదిలి, మళ్లీ ఉద్యోగానికే పోతుంది.

ప్రేక్షకులు కంటతడి పెట్టిన ఈ ఘట్టమే చిత్రంలో బలహీనమైనదని ఈ పాఠ రచయిత అభిప్రాయం. ఎందుకో చూడండి. అన్న బతికి ఉంటే సరిత ఒక కష్టమైన ప్రశ్న ఎదుర్కోవాలి. అతడు మళ్లీ తాగితే? నెలాఖరుకు తల్లి కబురు పెడితే? కొత్త కాపురం నుంచి డబ్బు పంపాలా, వద్దా? విడిపోవడం అంటే ఒక్క రోజు గడప దాటడం కాదు, ఈ ప్రశ్నలకు నెలనెలా జవాబు చెప్పుకోవడం. హత్య వాటన్నిటినీ తుడిచేసింది. ఆమెను వెనక్కి లాగింది కుటుంబం కాదు, విధి అయిపోయింది. దాంతో కుటుంబం మీద అంతవరకు నడిపిన విచారణ తీర్పు లేకుండానే ముగిసింది.

ఋత్విక్ ఘటక్ బెంగాలీ చిత్రం ‘మేఘే ఢాకా తారా’ (1960)తో పోల్చితే తేడా తెలుస్తుంది. అక్కడా ఒక సంపాదించే కూతురు, నీత. అక్కడా ప్రేమించినవాడు చెల్లెలి వైపు వెళ్తాడు. కానీ నీతను కూల్చే క్షయ బయటి నుంచి ఊడిపడదు. అందరి కోసం అరిగిపోయిన శరీరంలోంచే పుడుతుంది. ముగింపు కథలోంచి పుట్టడం అంటే అదే.

సీరియల్‌కు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. నాయిక విడిపోతే కథ అయిపోతుంది, కథ అయిపోతే ప్రకటనలూ పోతాయి. కాబట్టి ప్రతి శుక్రవారం గడప దాకా వచ్చి, సోమవారం వెనక్కి తిరగాలి. దాన్ని ఆమె త్యాగం అనుకుంటాం. అది రచన అవసరం.

1976లో సరితకు వేరే దారి ఉందా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దీనికి మీ ప్రాంతంలోనే ఒక ఆధారం ఉంది. ఉదయగిరి నియోజకవర్గంలోని కలిగిరి మండలం దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకు వచ్చిన ఆడవాళ్లు, తాగుడు వల్ల నాశనమైన కుటుంబం కథను వాచకంలో చదివారు, తమ ఇళ్లతో పోల్చుకున్నారు. 1992లో సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. వర్ధినేని రోశమ్మ పేరు మీకు తెలిసినదే. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. వాళ్లెవరూ ఇల్లు వదలలేదు, కానీ మూర్తి వంటి మగవాడి తాగుడు ఒక్క కూతురు మోయాల్సిన కర్మ కాదని తేల్చారు. సరిత ఇంట్లోనూ తల్లి, వదిన, చెల్లెళ్లు ఉన్నారు. లెక్క మాత్రం ఆమె ఒక్కతే వేసుకుంటుంది. ఆడవాళ్లంతా కలిసి కూర్చుని తేల్చుకునే సన్నివేశం బాలచందర్‌కు తట్టలేదు. 1976 సంగతి కాబట్టి క్షమించవచ్చు. నేటి సీరియల్ రచయితలకు ఆ వెసులుబాటు లేదు.

మీలో కొందరు ఉదయగిరి నుంచో ఆత్మకూరు నుంచో నెల్లూరు బస్సెక్కి ఉద్యోగానికి పోతూ, ఆదివారం తరగతులకు వస్తున్నవారే. ఈ అభ్యాసం మీకు మరింత సులువు.

అభ్యాసం: హత్య జరగలేదనుకొని, సరిత పెళ్లయిన మూడో నెల ఒకటో తారీఖున ఏం జరుగుతుందో ఒక పుటలో రాయండి. తల్లి ఏమి అడుగుతుంది? సరిత ఏమంటుంది?