భ్రమరగిరి: పేరు ఒకటి, పర్వతం మరొకటి

నాగార్జునాచార్యుని పర్వతం విషయంలో మన పరిశోధకులకు ఒక తొందర ఉన్నది. క్రీ.శ. 7వ శతాబ్దంలో దక్షిణ కోసలకు వచ్చిన హ్యుయన్‌త్సాంగ్, ఆ దేశానికి నైరుతి దిశలో సుమారు 300 లీల దూరాన ఒక గిరి ఉన్నదనీ, సాతవాహన రాజు ఆచార్యునికై దానిని తొలిపించి సంఘారామం చేయించాడనీ వ్రాసినాడు. చీనా లిపిలోని ఆ గిరినామాన్ని పండితులు ‘భ్రమరగిరి’గా పునరుద్ధరించారు. భ్రమరమనగానే తెలుగువారికి శ్రీశైల భ్రమరాంబ, నాగార్జునుడనగానే నాగార్జునకొండ స్ఫురిస్తాయి. పేరు దొరికిన చోటనే అన్వేషణ ఆగిపోయినది.

రాయపూర్‌లోని తెలీబంధా నుండి మహానది దిక్కుగా సుమారు 80 కి.మీ. వెళితే సిర్పూర్. దానినే నాటి రాజధానిగా గ్రహిస్తే, 300 లీలు 150 కి.మీ.కు మించవు, నాగార్జునకొండ 600 కి.మీ.కు పైబడి ఉన్నది. రాజధానిని చాందా ప్రాంతానికి జరిపేవారి లెక్కకూ ఈ దూరం లొంగదు.

దూరాలలో యాత్రికులు పొరబడవచ్చును. కాని పర్వత స్వరూపమో? లోయలు లేక ఒకే శిలగా నిటారుగా లేచిన గిరి; అందులో ఐదు అంతస్తులు; శిఖరం నుండి జారే నీరు ప్రతి అంతస్తునూ చుట్టి క్రిందికి దిగుతుంది. 5వ శతాబ్దపు ఫాహియాన్ వర్ణనలోనూ ఇదే నీరు, ఇవే ఐదు అంతస్తులు. అతడు అక్కడకు వెళ్లలేదు, విన్నది వ్రాసినాడు. హ్యుయన్‌త్సాంగ్ నాటికి దారే మరుగుపడినది. ఆచార్యుడు రాళ్లను బంగారం చేసిన కథను ప్రక్కన పెట్టవచ్చును. రెండు శతాబ్దాల ఎడంలో ఇద్దరి చెవినీ పడిన ఆ జలమార్గాన్ని పెట్టలేము.

నాగార్జునకొండలో బయల్పడినవి ప్రధానంగా లోయలోని ఇటుక కట్టడాలు, సున్నపురాతి శిల్పాలు; తొలిచిన ఐదంతస్తుల విహారం కాదు. ఇక్ష్వాకుల నాటి శాసనాలు శ్రీపర్వతాన్ని, విజయపురిని, సింహళ థేరులను, ఉపాసిక బోధిసిరి దానాన్ని స్మరిస్తున్నవి. వాటిలో ఆచార్యుని పేరు లేదు. ఆ స్థల గౌరవానికి బోధిసిరి చాలదా? 1954–60 తవ్వకాల పిమ్మట లోయ జలాశయంలో మునిగినది గనుక అక్కడ మరల పరీక్షించే అవకాశమూ స్వల్పమే.

‘శ్రీపర్వత’ నామమే నాగార్జునకొండ పక్షంవారికి మిగిలిన బలమైన ఆధారం. ఫాహియాన్ చెప్పిన ‘పారావత’ విహారం నిజానికి ‘పర్వత’ విహారమేనన్న ఊహ వారికి తోడు. అది ఆలోచించదగినదే. అయినా శబ్దసామ్యం ఊటను పుట్టించదు. సిర్పూర్‌కు నైరుతిగా ఉన్న కొండలలో, వేసవిలోనూ పైనుండి నీరు దిగే ఏకశిలలను మొదట నడిచి చూడవలసి ఉన్నది.