రూపచిత్రం: పోలిక, సన్నిధి, మూల్యం

ప్రస్తావన

రూపచిత్రాన్ని చూసినవారు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: బొమ్మ మనిషిలా ఉందా? సొమ్ము చెల్లించి వేయించుకొన్నవారూ, గోడమీద చూసిన బంధువులూ, కళావిమర్శకులూ ఈ ప్రశ్నతోనే మొదలుపెడతారు. పోలిక కుదిరితే చిత్రం కుదిరినట్టేనన్న అభిప్రాయం బలంగా స్థిరపడింది. అయితే పోలికను సరిచూసే అవకాశమే లేని కొనుగోలుదారులు రూపచిత్ర చరిత్రలో ఎందరో కనిపిస్తారు. పోలికను తెలిసి తెలిసీ పక్కనపెట్టిన చిత్రాలు శతాబ్దాలపాటు గౌరవం పొందాయి. అలాంటప్పుడు రూపచిత్రానికి వెల చెల్లించినవారు దేనికి చెల్లించారన్నది విచారణీయం. ఎదుట లేనివారిని ఒక సంబంధంలో ఉన్నవారిగా నిలపడం, అంటే సన్నిధిని కల్పించడం, రూపచిత్రం ప్రధాన ప్రయోజనమనీ, పోలిక దానికి సాధనమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కావ్యనాటకాల్లోని చిత్రఘట్టాలనూ, తెలుగు నేలతో ముడిపడిన కొన్ని రూపాలనూ, నేటి కొనుగోలు పద్ధతులనూ ఈ దృష్టితో పరిశీలిస్తుంది.

పదాలు, శాస్త్రం

రూపచిత్రం, వ్యక్తిచిత్రం, మూర్తిచిత్రం అన్నవి ఆధునిక విమర్శలో స్థిరపడిన పదాలు. కావ్యభాషలోని మాట చిత్తరువు. చిత్తరువును ‘వ్రాస్తారు’, అక్షరానికీ బొమ్మకూ తెలుగు ఒకే క్రియను వాడింది. ఇళ్ళలో వినిపించే మాట పటం. పటమంటే మొదట గుడ్డ. గుడ్డమీద వేసిన బొమ్మకూ, దేవుడి బొమ్మకూ, చట్రంలో బిగించిన ఫొటోకూ క్రమంగా ఆ పేరే విస్తరించింది. దేవుడి పటానికీ తాతగారి పటానికీ జరిగే ఉపచారం కూడా ఒకటే: తుడిచి, బొట్టు పెట్టి, దండ వేస్తారు. బొట్టువల్ల పటంలోని ముఖం కొంత మరుగుపడుతుందన్న పట్టింపు ఎవరికీ ఉండదు. ఇంటివారికి ఆ పటంతో ఉన్న అనుబంధం పోలికకు మించినదని చెప్పడానికి ఈ చిన్న ఆచారమే సాక్ష్యం.

శాస్త్రగ్రంథాలు కూడా పోలికను అనేక గుణాల్లో ఒకటిగానే లెక్కించాయి. కామసూత్రాలకు యశోధరుడు రాసిన జయమంగళ వ్యాఖ్యలో రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం అనే చిత్రషడంగాలున్నాయి. సాదృశ్యానిది అందులో ఐదవ స్థానం. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు రచించిన అభిలషితార్థ చింతామణి, అద్దంలో ప్రతిబింబంలా ఉండే చిత్రాన్ని విద్ధమని పేర్కొని, దానిని చిత్రభేదాల్లో ఒకటిగా వర్గీకరించింది. యథాతథ రూపం ఈ శాస్త్రకారులకు తెలియనిది కాదు. దానినే చిత్రకళ సర్వస్వంగా వారు భావించలేదు.

కావ్యనాటకాల్లో చిత్రఫలకం

భాసుని స్వప్నవాసవదత్తం ఆరవ అంకంలోని చిత్రఫలక ఘట్టం ఈ చర్చకు కీలకం. ఉదయనుడు వాసవదత్తను వివాహవిధి జరగకముందే తీసుకొనిపోగా, ఆమె తల్లిదండ్రులు వధూవరుల రూపాలను పలకమీద వ్రాయించి, ఆ బొమ్మలకే పెళ్ళి జరిపిస్తారు. తర్వాత వాసవదత్త మరణించిందన్న నమ్మకంతో దుఃఖిస్తున్న ఉదయనుడికి ఊరటగా ఆ ఫలకాన్ని పంపుతారు. ఎదుట లేని దంపతుల పక్షాన రూపచిత్రాలే వివాహకర్మలో పాల్గొన్నాయన్నమాట. ఆ ఫలకాన్ని చూసిన పద్మావతి తన దగ్గర ఆవంతికగా ఉంటున్న స్త్రీ పోలికలను అందులో గుర్తిస్తుంది. చిత్రం నమ్మదగినదో కాదో తేల్చుకోవడానికి ఆమె అనుసరించిన పద్ధతి గమనార్హం. పక్కనున్న రాజు బొమ్మను రాజుతో సరిపోల్చి, అది సరిగా ఉంది కనుక వాసవదత్త బొమ్మ కూడా సరిగానే ఉండాలని నిశ్చయించుకొంటుంది. పోలిక ఇక్కడ ప్రమాణంగా పనిచేసింది. ఆ ప్రమాణం తిరిగి నిలబెట్టింది విడిపోయిన భార్యాభర్తల సంబంధాన్ని.

పోతన తెనిగించిన భాగవత దశమస్కంధంలోని ఉషాపరిణయం మరో కోణాన్ని చూపుతుంది. కలలో చూసిన పురుషుడెవరో తెలియని ఉషకు చెలికత్తె చిత్రరేఖ దేవతల, రాజుల, యాదవవీరుల రూపాలు వ్రాసి చూపిస్తుంది. అనిరుద్ధుని బొమ్మ దగ్గర ఉష ముఖంలో కలిగిన మార్పే పోలిక కుదిరిందనడానికి నిదర్శనం. ఆ పోలికకు కొలత చూసేవారి ముఖంలో ఉంది. శ్రీనాథుడు తెలుగుచేసిన శ్రీహర్షుని నైషధకావ్యంలో, మూలం ప్రథమ సర్గలోనే దమయంతి తన మనసులోని మాట బయటపెట్టకుండా, ముల్లోకాలను మించిన ప్రియుణ్ణీ ప్రియురాలినీ లీలాగృహం గోడమీద వ్రాయమని చిత్రకారుణ్ణి కోరుతుంది. ఆ నెపంతో వ్రాయించిన నలుణ్ణీ తననూ ఒకచోట చూసుకొంటుంది. కోరి వేయించుకొన్న చిత్రానికి ఇంతకన్న చక్కని కావ్యోదాహరణ అరుదు. నలదమయంతులు అప్పటికి కలుసుకోలేదు. జరగని కలయికను గోడ ముందుగా చూపించింది.

తిరుమల, లేపాక్షి: దాతల రూపాలు

కావ్యాల్లో కనిపించిన ఈ ప్రయోజనం ఆలయాల్లోని దాతల రూపాల్లో ప్రత్యక్షమవుతుంది. తిరుమల ఆలయ మహాద్వారం దాటగానే ఉన్న ప్రతిమామండపంలో తిరుమలదేవి, చిన్నాదేవి సమేతుడైన శ్రీకృష్ణదేవరాయల లోహమూర్తులు చేతులు జోడించి నిలిచి ఉంటాయి. మూర్తులపై పేర్లు చెక్కి ఉన్నాయి. రాయల కాలంలోనే విజయనగరాన్ని సందర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఆయన రూపాన్ని అక్షరాల్లో చిత్రించాడు. ఆ వర్ణన ప్రకారం రాయలు మధ్యస్థమైన ఎత్తు, మంచి ఛాయ కలవాడు; సన్నగా కాక కొంత స్థూలంగా ఉండేవాడు; ముఖాన స్ఫోటకపు మచ్చలుండేవి. తిరుమల మూర్తిలో ఆ మచ్చల జాడ లేదు.

ఈ రెండింటిలో ఏది నిజమైన రాయలు అని అడగడం కన్న, ఏది ఎవరి కోసం అని అడగడం సముచితం. పేస్ తన దేశంవారి కోసం, ఎన్నడూ రాయలను చూడబోనివారి కోసం రాశాడు. వారికి మచ్చలు అవసరమైన సమాచారం. లోహమూర్తి దేవుని ఎదుట భక్తుడిగా నిత్యం నిలిచి ఉండడానికి పోతపోసినది. అక్కడ జోడించిన చేతులు, తలమీది కుళ్ళాయి, పక్కనున్న దేవేరులు, చెక్కిన పేరు చాలు. ముఖం మారినా సంబంధం మారదు.

అచ్యుతదేవరాయల కాలానికి చెందిన లేపాక్షి వీరభద్రాలయంలోని కప్పుచిత్రాలు ఇదే పద్ధతిని పాటించాయి. భారీ పరిమాణంలో ఉన్న వీరభద్రుని ఇరువైపులా విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు నమస్కరిస్తూ కనిపిస్తారు. విరూపణ్ణ తన కన్నులను తానే పెరికివేసుకొన్నాడని ఐతిహ్యం చెబుతుంది. కప్పుమీది విరూపణ్ణ మాత్రం నేటికీ కన్నులు విప్పి దేవుణ్ణి చూస్తున్నాడు. జీవితకథ ఎటు పోయినా దాత కోరుకొన్న సన్నిధిని చిత్రం నిలిపింది.

గోల్కొండ: సరుకైన ముఖం

రూపచిత్రాన్ని కొనడం నేటి అలవాటు కాదు. 17వ శతాబ్దం చివరి దశలో గోల్కొండ చిత్రకారులు మొగలాయి, దక్కను ప్రభువుల రూపచిత్రాలను వరుసలుగా తయారుచేయగా ఐరోపావారు కొనుక్కొన్నారు. ఆంస్టర్‌డాం నగర పాలకుడు నికొలాస్ విట్సన్ సంపాదించిన అటువంటి సంపుటి ఆ నగరంలోని రైక్స్ మ్యూజియంలో నేటికీ భద్రంగా ఉంది. కొన్నవారిలో చాలామంది ఔరంగజేబునుగానీ అబుల్ హసన్ తానీషానుగానీ ఎన్నడూ చూసినవారు కారు. పద్మావతికి ఉన్న సరిపోల్చే వీలు వారికి లేదు. బొమ్మతోపాటు ఉన్న పేరే పోలికకు హామీ.

గోల్కొండ చిత్రాలు రూపచిత్ర చరిత్రలో ఒక మలుపు. అంతకుముందు చిత్రం ఒక స్థలానికీ, ఒక సంబంధానికీ కట్టుబడి ఉండేది. ఇక్కడ ముఖం తన స్థలాన్ని విడిచి ప్రయాణించింది. కొన్నవారు దూరదేశపు అధికారాన్ని తమ గ్రంథాలయంలో ఒక వరుసలో నిలుపుకొన్నారు. సన్నిధి కల్పన అక్కడ కూడా జరిగింది. అయితే అది చిత్రంలో ఉన్నవారు కోరినది కాదు, కొన్నవారు కోరినది.

తైలవర్ణం నుంచి ఛాయాచిత్రానికి

19వ శతాబ్దంలో తైలవర్ణచిత్రం సంస్థానాల్లోకి వచ్చినప్పుడు పోలిక తిరిగి ముందుకు వచ్చింది. రాజా రవివర్మ (1848–1906) ప్రభువులనూ దొరలనూ కూర్చోబెట్టి చిత్రించాడు. 1894లో బొంబాయిలో నెలకొల్పిన ముద్రణాలయం ద్వారా ఆయన దేవతాచిత్రాలు సామాన్యుల ఇళ్ళకు చేరాయి. మనుషుల రూపచిత్రణలో సాధించిన నైపుణ్యమే ఆ దేవతలకు కండపుష్టినీ, చీరమడతలనూ ఇచ్చింది. దేవుడి పటం మనిషి పటంలా మారిన సందర్భమిది.

ఛాయాచిత్రం ఈ మార్పును పూర్తిచేసింది. నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. పరదా పాటించే స్త్రీలకు పరపురుషుని ఎదుట కూర్చోకుండానే తమ రూపాన్ని నిలుపుకొనే అవకాశం కలిగింది. పోలికను యంత్రం చౌకగా అందించడం మొదలయ్యాక, చేతితో వేసిన రూపచిత్రం దేనికన్న ప్రశ్న తలెత్తక తప్పలేదు.

నేటి కొనుగోలు: రెండు అంగళ్ళు

నేడు రూపచిత్రాల క్రయవిక్రయాలు రెండు భిన్నమైన అంగళ్ళలో సాగుతున్నాయి. మొదటిది వేలంశాల. 2022 మేలో న్యూయార్కులో క్రిస్టీస్ సంస్థ నిర్వహించిన వేలంలో ఆండీ వార్హోల్ 1964లో చేసిన ‘షాట్ సేజ్ బ్లూ మెరిలిన్’ సుమారు 19.5 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. అది మెరిలిన్ మన్రో మరణానంతరం, ఒక సినిమా ప్రచార ఛాయాచిత్రం ఆధారంగా రూపొందినది. ఆమె ఆ చిత్రం కోసం కూర్చోలేదు. కొన్నవారు వెలకట్టింది ప్రధానంగా చిత్రకారుని పేరుకు. భారతదేశంలో రవివర్మ చిత్రాలకు 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టం కింద 1979లో కళానిధి ప్రతిపత్తి లభించడంతో అవి స్వేచ్ఛగా దేశం దాటే వీలు లేకపోయింది. అక్కడ కూడా చిత్రంలోని మనిషి పేరుకన్న చిత్రకారుని పేరే నిర్ణాయకం.

రెండవది ఇంటి అంగడి. ఫోనులో ఒక ఫొటో పంపితే పెన్సిలుతోనో, బొగ్గుతోనో, తైలవర్ణాలతోనో వేసిన బొమ్మ కొరియర్లో ఇంటికి వస్తుంది. బొమ్మ కొలత, వాడిన రంగులు, అందులోని ముఖాల సంఖ్య, చట్రం ధరను నిర్ణయిస్తాయి. ఫొటోనే కాన్వాసుపై ముద్రించి, పైన అక్కడక్కడ రంగు అద్ది చేతిచిత్రంగా చెల్లించే పద్ధతి కూడా ఉంది. ఇక్కడ చిత్రంలోని మనిషి పేరే సర్వస్వం, వేసిన మనిషి దాదాపు అనామకుడు. ఈ అసమానతకు చట్టంలో కూడా ఆధారముంది. 1957 నాటి భారత కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ప్రతిఫలమిచ్చి వేయించిన రూపచిత్రంపై, వేరే ఒప్పందం లేనప్పుడు, తొలి హక్కు వేయించినవారిదే. చిత్రకారునికి 57వ సెక్షన్ కింద కర్తృత్వాన్ని చెప్పుకొనే నైతికహక్కు మిగులుతుంది.

కళావిమర్శ ఈ రెండవ అంగడిని పట్టించుకోవడం తక్కువ. ఫొటోకు నకలులో కళ ఏముందన్నది ప్రధాన ఆక్షేపణ. ఈ ఆక్షేపణ పోలికనే కొలబద్దగా తీసుకొంటుంది. ఇంటివారు కోరేవాటిని గమనిస్తే వేరే విషయం తెలుస్తుంది. పెళ్ళినాటికి జీవించి లేని తండ్రిని కూతురి పెళ్ళిబొమ్మలో ఆమె పక్కన నిలపమంటారు. మనవణ్ణి చూడకుండానే పోయిన అమ్మమ్మ ఒడిలో ఆ బిడ్డను కూర్చోబెట్టమంటారు. అలాంటి క్షణాన్ని ఏ కెమేరా తీయలేదు కనుక నకలు తీయడానికి అసలే లేదు. ఎదుట లేనివారికి బొమ్మల ద్వారా పెళ్ళి జరిపించిన వాసవదత్త తల్లిదండ్రుల కోరికకూ ఈ కోరికకూ స్వభావంలో భేదం లేదు.

అయితే ఇంటివారి కోరికలన్నీ ఒకే తీరువి కావు. రంగు తెల్లగా వేయమనడం, ముడతలు తీసివేయమనడం, చేనిలో బతికిన మనిషికి కోటు తొడగమనడం తరచుగా ఎదురయ్యే కోరికలే. తిరుమల మూర్తిలో మచ్చలు లేకపోవడాన్ని సమర్థించి వీటిని తప్పుపట్టడం అసంగతంగా తోచవచ్చు. భేదం సంబంధంలో ఉంది. దేవుని ఎదుట నిలిచే భక్తునికి మచ్చలతో పని లేదు. కూతురి ఎదుట నిలిచే తండ్రికి ఎండకు నల్లబడిన ముఖమే గుర్తు. ఆ నలుపును తుడిచివేస్తే బంధువుల పొగడ్త దక్కవచ్చు గానీ తండ్రి సన్నిధి దక్కదు. పోలిక నుంచి తొలగిన ప్రతి గీతనూ ఆ తొలగింపు ఏ సంబంధానికి తోడ్పడుతుందన్న ప్రశ్నతో పరీక్షించడం ఈ రంగంలో విమర్శకు తగిన పద్ధతి.

కవుల ఊహాచిత్రాలు

ఈ కొలమానం తెలుగు సాహిత్య అధ్యయనానికి కూడా వర్తిస్తుంది. నన్నయ, తిక్కన, పోతనల సమకాలిక రూపచిత్రాలు అందుబాటులో లేవు. అయినా పాఠ్యపుస్తకాల్లోనూ తరగతి గోడలమీదా వారి ముఖాలు స్థిరపడ్డాయి. అవి ఆధునిక చిత్రకారుల ఊహలు. గోల్కొండ చిత్రాల్లోవలె ఇక్కడా పేరే పోలికకు హామీ. విద్యార్థికి కవి సన్నిధిని కల్పించడంలో వీటి సేవ తక్కువది కాదు. చిక్కు ఎక్కడంటే, ఊహాచిత్రం ఆధారంగా చెలామణీ కావడంలో. వేమనను దిగంబర యోగిగా చూపే చిత్రంతో పరిచయమైన పాఠకుడు, పద్యాలు చదవకముందే కవిని వైరాగ్యానికి పరిమితం చేసుకొనే ప్రమాదముంది. లోకవ్యవహారం, తిండి, డబ్బు, కులం గురించిన పద్యాలు ఆ బొమ్మ వెనక్కి జరుగుతాయి. చిత్రం వ్యాఖ్యానమైనప్పుడు వ్యాఖ్యాత పేరు కూడా ఉండాలి. కవుల చిత్రాలు ముద్రించేటప్పుడు చిత్రకారుని పేరు, రచనాకాలం, ఊహాచిత్రమన్న సూచన చేర్చడం పరిశోధన పాటించవలసిన కనీస నియమం.

ముగింపు

చిత్రఫలకం నుంచి ఫోను ద్వారా వేయించే బొమ్మ దాకా రూపచిత్రం సామగ్రి, వెల, కొనేవారు ఎంతగానో మారారు. లేనివారిని ఎదుట నిలుపుకోవాలన్న అవసరం మారలేదు. పోలిక ఆ అవసరానికి ఒక్కోసారి ప్రమాణం, ఒక్కోసారి అలంకారం, ఒక్కోసారి అడ్డంకి. చిత్రాన్ని ఎవరు, ఎవరి కోసం, ఎవరి ఎదుట నిలపడానికి వేయించారో తెలిశాకనే అది మనిషిలా ఉందా లేదా అన్న ప్రశ్నకు అర్థం ఏర్పడుతుంది. చిత్తరువుకూ కావ్యానికీ ‘వ్రాయు’ అనే ఒకే క్రియను కేటాయించిన భాషలో, రూపచిత్రాన్ని ఇలా చదవడం సాహిత్య విమర్శ పరిధిలోని పనే.